ఏలూరు బండి నీళ్ళు

నేను పనిచేసిన ఊరి పేరు రాయను. మా ఇల్లున్న ఏలూరులో ప్యాసింజర్ ఎక్కితే ముప్పావుగంటలో వస్తుంది. అక్కడ దిగకుండా కూర్చుంటే తాడేపల్లిగూడెం వచ్చేస్తుంది. కాలువ గట్టున నాలుగు రైసు మిల్లులు, స్టేషన్ రోడ్డు, రెండు సినిమా హాళ్ళు. వాటిలో ఒకటి ఇప్పుడు కల్యాణ మండపం. ఆ ఊరు మొదట మేజర్ పంచాయతీ, తర్వాత నగర పంచాయతీ, ఆ తర్వాత మునిసిపాలిటీ. బోర్డు మారిన ప్రతిసారీ ఆఫీసులో లడ్డూలు పంచారు. నేను అన్నిసార్లూ తిన్నాను.

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం నీళ్ళ సెక్షన్ గుమాస్తాగానే గడిచింది. రిటైరవడానికి మూడు నెలల ముందు కమిషనర్ గారు పిలిచారు. ఆవిడ మా అమ్మాయి ఈడు మనిషి. మాట మెత్తన, పని గట్టి.

"కొత్త కౌన్సిల్ హాలు గోడకి మన ఊరి చరిత్ర రాసి పెడదామండీ. రెండు పేజీలు చాలు. మీరు రాసివ్వండి."

"నేనాండీ? నాకు నోటీసులు రాయడం తప్ప ఏమీ రాదండీ."

"మన ఆఫీసులో మీకంటే పాత ఫైలు లేదు కదండీ" అని నవ్వారావిడ.

అలా రికార్డు గదిలోకి వెళ్ళాను. వారం రోజులు నాకు పండగలా గడిచింది. పంచాయతీ కాలం నాటి తీర్మానాల పుస్తకాలు చదువుతూ ఒక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి. బందెలదొడ్డిలో పెట్టిన గేదె అక్కడే ఈనితే దూడ ఎవరిదని ఒక సమావేశమంతా వాదించుకున్నారు. ఇద్దరు మెంబర్లు వీధి దీపం మా ఇంటి ముందంటే మా ఇంటి ముందని పట్టుబడితే, సరిగ్గా మధ్యన కొలిచి పాతారు. దాని వెలుతురు ఇద్దరి అరుగుల మీదా పడలేదట. పార్కులో పంచాయతీ రేడియో సాయంత్రం వార్తలయ్యాక పాటలు కూడా వినిపించాలా వద్దా అన్నదానికి చేతులెత్తించి ఓటు పెట్టారు. పాటలే గెలిచాయి. ఇలాంటివన్నీ నోట్ చేసుకున్నాను.

ఆరో రోజున అడుగు అరలో కాలికో గుడ్డ అట్ట పుస్తకం ఒకటి దొరికింది. మా ఊళ్ళో కలిసిపోయిన చిన్న పంచాయతీది. రైలు కట్ట పక్కన, మిషనరీల కాలంలో కట్టిన చర్చి చుట్టూ ఉన్న పల్లె అది. ఇప్పుడు మాకు చివరి వార్డు. అక్కడివాళ్ళలో సగం మంది తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఉల్లిపాయలు ఏరడానికి వెళతారు. మిగతావాళ్ళు చేపల చెరువుల మీదకి, వలలు లాగే పట్టుబడి పనికి వెళతారు. తెల్లవారుజామున వ్యాన్లు ఎక్కి, పొద్దు వాలాక దిగుతారు.

ఆ పుస్తకం మధ్యలో ఒక తీర్మానం ఉంది. కూలికి పోయిన జనం తిరిగి వచ్చేది సాయంత్రమే గనక, చర్చిలో సాయంత్రం ప్రార్థన గంట కొట్టిన తర్వాతే కుళాయి నీళ్ళు వదలాలని, ఊరందరికీ గడియారాలు లేకపోయినా గంట వినబడుతుందని అందులో రాసి ఉంది. కింద ప్రెసిడెంటు గారి సంతకం, మెంబర్ల సంతకాలు, మూడు వేలిముద్రలు. చక్కటి తీర్మానం. చరిత్రలో తప్పక రాయాలనుకున్నాను. అప్పుడు పక్కన మార్జిన్లో పెన్సిలుతో వేసిన టిక్కు కనబడింది. దాని కింద రెండు పొడి అక్షరాలు. అవి నా పొడి అక్షరాలే.

పంచాయతీ మునిసిపాలిటీలో కలిసినప్పుడు ఆ రికార్డులు తీసుకోవడానికి పంపింది నన్నే. ఆ తీర్మానం నేను చదివాను. చదివి, టిక్కు పెట్టి, పుస్తకం అడుగు అరలో పెట్టి, మా రిజిస్టరులో ఆ వార్డు నీళ్ళ టైము మధ్యాహ్నం రెండు గంటలని రాశాను.

ఎందుకు రాశానో చెప్పాలి. మా సెక్షన్లో ఒక ఇనప తాళం ఉంటుంది. నడుమెత్తు ఊచ, పైన అడ్డంగా పట్టుకునే కడ్డీ. దానితోనే రోడ్డు మీద గుంటల్లో ఉండే వాల్వులు తిప్పుతారు. ఆఖరి వార్డుకి నీళ్ళు వదిలి, కట్టేసి, వాల్వులతను ఆ తాళం తెచ్చి అప్పగిస్తే గుమాస్తా రిజిస్టరులో సంతకం పెట్టి ఇంటికి వెళ్ళాలి. అది రూలు. సాయంత్రం గంట కొట్టాక ఆ వార్డుకి నీళ్ళు వదిలితే తాళం నా చేతికొచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. నా ఏలూరు ప్యాసింజర్ ఆరింటికి.

ఎనిమిదింటికి ఇంకో బండి ఉంది. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు, పిల్లలకి నేను పాఠాలు చెప్పేదీ లేదు. కానీ మా జట్టు ఆరింటి బండిలో ఉండేది. ఒక బ్యాంకు గుమాస్తా, ఇద్దరు టీచర్లు, నేను. కిటికీ పక్కన రుమాలు వేసి నాకు సీటు ఆపేవారు. ఒళ్ళో తువ్వాలు పరిచి పేక వేసేవాళ్ళం. పూళ్ళ స్టేషన్ దాటేసరికి ఆట రంజుగా ఉండేది. భీమడోలులో శనగపప్పు వడలు ఎక్కేవి. ఆ సంతోషం అబద్ధమని అనను. జీవితంలో అంతగా నవ్విన చోటు నాకు మరొకటి లేదు. దాని కోసం ఒక పల్లె కుళాయి టైము మార్చేశాను. అంతే. చిన్న సంగతి కాబట్టి ఎవరూ అడగలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేను మరిచిపోయాను.

ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పెరుగు వడ్డిస్తూ ఆగింది.

"ఏవండీ, మనింట్లో కుళాయి ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రం."

"అందులో అరగంట ఆలస్యమైతే కార్పొరేషన్‌కి ఫోన్ చేసి కేకలేసేది ఎవరు?"

"నేనే."

"మరింకేం, తినండి" అంది.

మర్నాడు మధ్యాహ్నం వాల్వులతన్ని వెంటబెట్టుకుని ఆ వార్డుకి వెళ్ళాను. అన్నేళ్ళలో నీళ్ళ టైములో అక్కడికి వెళ్ళడం అదే మొదటిసారి. చర్చి గోడ మూల వీధి కుళాయి. దాని ముందు బిందెలు, ప్లాస్టిక్ డ్రమ్ములు వంద దాకా వరసగా ఉన్నాయి. మనుషులు లేరు. పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళు బిందె వరసలో పెట్టేసి వెళతారట. వీధంతటికీ కలిపి ఒకే ఒక్క మనిషి ఉంది. డెబ్బై అయిదు దాటిన మామ్మ. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, ఒక బిందె నిండగానే పక్కకి జరిపి, ఇంకోటి పెడుతోంది. నిండినవాటిని చిన్న చక్రాల బండి మీద పెట్టి ఇళ్ళ గుమ్మాల్లోకి చేరుస్తోంది. వార్డంతా ఆవిణ్ణి నీళ్ళ మామ్మ అంటారు.

"ఎండలో నిలబడ్డారేంటి బాబూ, ఆ అరుగు మీద కూర్చోండి" అంది.

"ఊరి చరిత్ర రాస్తున్నానండీ మామ్మగారూ. మీ పంచాయతీ సంగతులు చెబుతారేమోనని."

"చెబుతానండి. చెయ్యి ఖాళీ లేదు గానీ నోరు ఖాళీయే."

చెప్పింది. వాళ్ళ ప్రెసిడెంటు గారు సైకిలు మీద తిరిగే మనిషట. ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టిన రోజున మొదటి బిందె తనే నెత్తిన పెట్టుకుని ఊరంతా ఊరేగాడట. గంట కొట్టేసరికి కుళాయి దగ్గర తిరనాళ్ళలా ఉండేదట. పెళ్ళి చూపులు కూడా అక్కడే అయిపోయేవట. చెబుతూనే చేతులు పనిచేస్తున్నాయి. ఏ బిందె ఎవరిదో చూడకుండా చెప్పేస్తోంది. మెడకి ఎర్ర నైలాను తాడు కట్టింది ఒకళ్ళది, పెళ్ళికూతురు పేరు చెక్కింది ఒకళ్ళది, అడుగున లక్కతో అతికింది ఒకళ్ళది. మూడు సొట్టలున్న సత్తు బిందె తనది. అది వరసలో అన్నిటికంటే చివర ఉంది.

అప్పుడు అడిగాను. "మరి ఈ రెండు గంటల టైము ఎలా వచ్చిందండీ?"

"ఇయ్యాండి? ఇయ్యి ఏలూరు బండి నీళ్ళండి."

"అంటే?"

"మునిసిపాలిటీలో ఒక గుమస్తా గారున్నారంటండి. నీళ్ళు పొద్దుపోయి వదిల్తే ఆయనకి ఏలూరు బండి తప్పిపోద్దంటండి. అందుకని మాకు మట్టమధ్యాన్నం వదులుతారు. సాయంత్రం పనికాణ్ణించి వచ్చేవోళ్ళు ఆ బండి ఇటు పోతంటే చూసి, అదిగో మన నీళ్ళు ఏలూరు పోతన్నాయని చేతులూపుతారండి."

నాకు గుర్తొచ్చింది. బండి ఆ కట్ట దాటేటప్పుడు ఆడవాళ్ళు చేతులూపేవారు. మా జట్టులో మేమూ తిరిగి ఊపేవాళ్ళం.

వాల్వులతను ఆకాశంలోకి చూస్తున్నాడు. ఈ కథ అక్కడికి చేరవేసింది ఎవరో నాకు తెలిసిపోయింది.

"ఆ గుమస్తాని నేనేనండీ" అన్నాను.

మామ్మ బిందె మీంచి తలెత్తలేదు. "తెలుసండి. మీ చొక్కా జేబులోంచి సీజన్ టికెట్టు కనపడతానే ఉంది."

వాల్వులతను ఫక్కున నవ్వి, వెంటనే దగ్గు నటించాడు.

"నన్ను తిట్టుకోలేదాండీ?"

"అదేం మాటండీ! శుభ్రంగా తిట్టుకున్నాం. బండి లేటైన రోజున చప్పట్లు కూడా కొట్టామండి." నిండిన బిందె పక్కకి జరిపింది. తర్వాత ఆవిడే మామూలుగా అంది. "మా చెల్లెలు కలిదిండిలో ఉంటాదండి. కొల్లేటి పక్కన. నేనూ అక్కడే పుట్టాను. ఇప్పుడు దానికి చూపు తగ్గింది, రమ్మంటది. పొద్దున్నెళ్ళి రెండింటికి తిరిగి రాలేను కదండీ. ఒకసారి నాకు జొరం వస్తే నాలుగు రోజులు నలుగురు పని మానుకున్నారు. అందుకని ఫోన్లో మాట్లాడుకుంటాం."

"ఎన్నాళ్ళయింది వెళ్ళి?"

"ఈ ఏలూరు బండి నీళ్ళొచ్చిన కాణ్ణించీ, రెండు సార్లండి. రెండూ చావులే."

క్షమించమని అడగబోయాను. మాట బయటికి రాకముందే ఆవిడ నా చేతిలో ఖాళీ బిందె పెట్టి, "ఇది అటు జరపండి, దారికి అడ్డంగా ఉంది" అంది.

ఆఫీసుకి వచ్చేటప్పుడు కాలువ గట్టున, లాకులు చూసుకునే లస్కర్లు కనబడ్డారు. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేలోపు మా మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. కట్టిన రోజున ఏ వార్డుకి ఏ టైమో ఆ పట్టిక ఖాయమవుతుంది. మళ్ళీ కాలువలు వదిలేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. కాలువలు కట్టడానికి పద్దెనిమిది రోజులుంది. వదిలేనాటికి నేను ఉద్యోగంలో ఉండను. నా తర్వాత వచ్చే గుమాస్తా ఆ పెన్సిలు టిక్కు చూడడు. ఈలోగా సాయంత్రం నీళ్ళు ఆ పల్లెకి తిరిగివ్వకపోతే ఇక ఎప్పటికీ ఇవ్వలేను.

మా ఇంజనీరు ఏఈ గారి దగ్గరికి వెళ్ళాను. కుర్రాడే గానీ లెక్క తప్పడు.

"సాయంత్రం ఆ టైములో స్టేషన్ రోడ్డు లేఅవుట్‌కి ఇస్తున్నాం కదండీ, తాళంతో పని లేకుండా పంపు షెడ్డులో చక్రం వాల్వు తిప్పి. రెండు చోట్లా ఒకేసారి ఇస్తే ప్రెషర్ రాదు."

"లేఅవుట్ వాళ్ళకి మధ్యాహ్నం ఇద్దామండీ. వాళ్ళందరికీ సంపులున్నాయి. మనిషి లేకపోయినా నీళ్ళు వాటంతటవే నిండుతాయి."

ఆయన పెన్ను దించి నన్ను చూశారు. "అవును కదండీ. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదా?"

"నాకు తట్టకుండా చూసుకున్నానండీ."

ఆయనకి అర్థం కాలేదు. ఆ పుస్తకం తెచ్చి టిక్కు చూపించాను. ఆయన తీర్మానమంతా చదివి పుస్తకం మూశారు. చివరికి, "అయితే తాళం సంగతేంటి? మీ బండో?" అన్నారు. ఆ మాటకి సెక్షనంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. కానీ చెవులు వేడెక్కాయి.

నోట్ ఫైలులో రెండు సంగతులు రాశాను. ఒకటి, ఆ వార్డుకి గంట తర్వాత నీళ్ళు. రెండు, తాళం ఇకనుంచి పంపు షెడ్డులోనే ఉండాలి, గుమాస్తా చేతికి రానక్కరలేదు. ఆ తాళం నా చేతికి రావాలనే రూలుని అన్నేళ్ళూ దేవుడి మాటలా కాపాడింది నేనే. దాన్ని తీసేయడానికి ఒక్క కాగితం చాలు. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు.

లేఅవుట్ వాళ్ళు నలుగురు వచ్చి అభ్యంతరం చెప్పారు. వాళ్ళలో ఒక పెద్దాయన, "మా టైమెందుకు మార్చాలండీ?" అని గట్టిగా అడిగాడు. ఏఈ గారు సంపు మూత చూపించి చెబుదామనుకున్నారు. నేను ఆ పెద్దాయన్ని పల్లెకి తీసుకెళ్ళి ఆ బిందెల వరస చూపించాను. మామ్మ ఆయన చేతిలో కూడా ఒక బిందె పెట్టింది. మర్నాడు మళ్ళీ అభ్యంతరం రాలేదు. కాలువలు కట్టడానికి రెండు రోజుల ముందు కమిషనర్ గారి సంతకం అయింది.

ఆ సంతకం రోజునే చరిత్ర రెండు పేజీలూ ఇచ్చాను. గేదె దూడ, వీధి దీపం, రేడియో ఓటు చదివి ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. చివరి పేరాలో ఆ తీర్మానం గురించి, దాన్ని ఒక గుమాస్తా తన పేకాట కోసం అడుగు అరలో పెట్టిన సంగతి రాశాను. అది రెండుసార్లు చదివారు.

"తీర్మానం గోడ మీద ఉంటుందండీ, ప్రెసిడెంటు గారి మాటతో సహా. పేకాట మాత్రం పెట్టలేను."

"నిజమేనండీ అది."

"నిజమే. కానీ గోడ మీద పెడితే జనం ఊరి చరిత్ర వదిలేసి మీ చరిత్రే చదువుతారు. అది ఇంకెక్కడైనా రాసుకోండి" అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సాయంత్రం నేను వార్డులోనే ఉన్నాను. మామ్మతో చెప్పాల్సిన మాటలు నాలుగు కూడబలుక్కుని వెళ్ళాను. ఆరు దాటిన కాసేపటికి మా బండి కట్ట మీదుగా వెళ్ళింది. కిటికీలోంచి మా జట్టు పేకముక్కలు విసనకర్రలా విప్పి ఊపారు. అప్పుడే వ్యాన్లు దిగిన ఆడవాళ్ళు, ఉల్లిపొట్టు కొంగులకి అంటుకుని ఉండగానే, బండి కేసి, నా కేసి మార్చి మార్చి చూశారు.

"సారుండిపోయారేంటి, బండి తప్పిపోయిందాండీ?" అంది ఒకామె.

"తప్పించుకున్నానండీ."

"అయితే ఇయ్యాల నీళ్ళు ఏలూరు పోలేదే!" అని మరొకామె అనగానే అందరూ విరగబడి నవ్వారు.

గంట కొట్టారు. వాల్వులతను తాళం గుంటలో దించి తిప్పాడు. కుళాయి ముందు గాలి కక్కింది, తుప్పర తుప్పరగా దగ్గింది, తర్వాత ధార పట్టుకుంది. అంతమంది ఒక్కసారిగా కదలడం, బిందెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, వరస గురించి తగువు, ఆ తగువులోనే ఎవరి కోడలి సీమంతమో మాట్లాడుకోవడం. మామ్మ చెప్పిన తిరనాళ్ళు అదేనన్నమాట. నాకోసం కూడా కాస్త చోటు చేసి నిలబెట్టారు. నా ప్యాంటు మోకాళ్ళదాకా తడిసిపోయింది. పూళ్ళ దగ్గర పేక గెలిచిన ఏ రోజునా అంత హాయిగా లేదు.

మామ్మ మాత్రం కనబడలేదు.

"మామ్మగారేరండీ?"

"మజ్జానం బస్సుకి కలిదిండి పోయిందండి. సంతకం అయిపోయిందని మీ వాల్వులాయన చెప్పగానే సంచీ సర్దేసుకుంది." ఆమె వరస చివరకి చెయ్యి చూపింది. మూడు సొట్టల సత్తు బిందె ఒంటరిగా ఉంది. "తన బిందె మీరు పట్టి గుమ్మంలో పెట్టాలని చెప్పి మరీ వెళ్ళిందండి. ఇంకెవ్వరూ ముట్టుకోకూడదంట."

నేను కూడబలుక్కున్న నాలుగు మాటలూ జేబులోనే ఉండిపోయాయి. వరస వచ్చేదాకా నిలబడి బిందె నింపాను. చక్రాల బండి మీద పెట్టమన్నారు గానీ, భుజాన పెట్టుకోవాలని పౌరుషానికి పోయాను. నాలుగడుగులు వేసేసరికి సగం నా మీదే పడింది. వీధంతా నవ్వులే. అప్పుడొకామె ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

"మామ్మండి. మాట్లాడతాదంట."

అవతల బాతుల గోల వినబడింది. ఎవరో ముసలావిడ పక్కనే నవ్వుతోంది.

"నా బిందె నింపారాండి?"

"నింపానండీ."

"సగం ఒలకబోశారంట కదండీ."

"అవునండీ."

"మళ్ళీ పట్టండి మరి. రోజూ పట్టాలి. నేను ఆదివారం దాకా రాను."

బిందె తీసుకుని వెళ్ళి వరస చివర నిలబడ్డాను.